బాగా ఆడి కూడా ఓడిపోతున్నాం, ఇందులో అదృష్టం వాటా ఎంత?

మారేడుపల్లి_కీపర్
మా అకాడమీ అండర్-17 జట్టు గురించి అడుగుతున్నా. ఈ సీజన్ లీగ్‌లో ఓడిన మ్యాచ్‌లన్నీ ఒక్క గోల్ తేడాతోనే ఓడాం. బంతి ఎక్కువసేపు మా కాళ్ళ దగ్గరే ఉంటుంది, షాట్లు మేమే ఎక్కువ కొడతాం. చివరికి అవతలి వాళ్ళు ఒక్కసారి ముందుకొచ్చి గోల్ కొట్టేసి వెళ్ళిపోతారు. మొన్న ఆదివారం మా స్ట్రైకర్ కొట్టింది పోస్ట్‌కి తగిలి బయటికి పోయింది. కాసేపటికి వాళ్ళు కొట్టిన షాట్ మా డిఫెండర్ మోకాలికి తగిలి దిశ మారి లోపలికి పోయింది. కీపర్ అప్పటికే రెండో వైపు దూకేశాడు, పాపం వాడేం చేస్తాడు.

ఇప్పుడు కమిటీలో కోచ్‌ని మార్చాలన్న మాట మొదలైంది. "ఈయన చేయి కలిసి రావట్లేదు" అని ఒక పెద్దాయన అనేశారు. నాకు అది మింగుడు పడటం లేదు. ఆయన వచ్చాక పిల్లల ఆట ఎంత మారిందో దగ్గరుండి చూస్తున్నవాణ్ణి. అసలు ఫుట్‌బాల్ ఫలితాల్లో అదృష్టం వాటా ఎంత? కమిటీకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

కాకినాడ_కుర్రాడు
ఓడినప్పుడే అదృష్టం గుర్తొస్తుంది అన్నా. గెలిచిన రోజు "లక్కు కొద్దీ గెలిచాం" అని ఎవరైనా ఇక్కడ పోస్ట్ పెట్టారా? గోల్ కొట్టకపోతే అది ఫినిషింగ్ లోపం. దానికి వేరే పేరు పెట్టకండి.

విశాఖ_ఎరుపు
11.7 మిల్లీమీటర్లు. ఇంకేం చెప్పను.

డల్లాస్_శ్రీను
ఎరుపు బ్రదర్, అందరికీ అర్థమయ్యేలా చెప్పు.

విశాఖ_ఎరుపు
2019 జనవరి 3, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీతో మా లివర్‌పూల్ మ్యాచ్. మా మానే కొట్టింది పోస్ట్‌కి తగిలి వెనక్కి వచ్చింది. సిటీ డిఫెండర్ జాన్ స్టోన్స్ దాన్ని తన్నబోతే అది వాళ్ళ కీపర్‌కే తగిలి మళ్ళీ గోల్ వైపు వెళ్ళింది. గీత మీద స్టోన్స్ కాలు పెట్టి బయటికి తన్నాడు. బంతి గీతను పూర్తిగా దాటడానికి ఇంకా 11.7 మిల్లీమీటర్లు ఉందని గోల్‌లైన్ టెక్నాలజీ తేల్చింది. సిటీ 2-1తో గెలిచింది. సీజన్ చివర్లో సిటీకి 98 పాయింట్లు, మాకు 97. 38 మ్యాచ్‌ల్లో ఒక్కటే ఓడిపోయాం, అది ఆ మ్యాచే. 97 పాయింట్లు తెచ్చుకున్న జట్టుకు ఫినిషింగ్ రాదంటావా కాకినాడ తమ్ముడూ?

కాకినాడ_కుర్రాడు
అప్పటికి స్కోరు 0-0. ఆ గోల్ ఇచ్చి ఉంటే మిగతా ఆట అచ్చం అలాగే సాగేదని ఎవరు చెప్పారు? సిటీ ఇంకా గట్టిగా ఆడేదేమో. పైగా అదే సీజన్‌లో మీరు డ్రా చేసుకున్న మ్యాచ్‌లు 7 ఉన్నాయి. వాటిలో ఒక్కటి గెలిచినా టైటిల్ మీదే. ఆ ఏడింటినీ వదిలేసి ఒక్క సెంటీమీటరు పట్టుకుని కూర్చుంటారు.

బొల్లారం_బ్యాక్
ఇంకోటి కూడా చెప్పాలి. 2005లో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో మీ లూయిస్ గార్సియా కొట్టింది గీత దాటిందో లేదో ఇప్పటికీ తేలలేదు. ఆ మ్యాచ్‌కి అదొక్కటే గోల్. ఆ గోల్‌తో చెల్సీని దాటి, ఇస్తాంబుల్ వెళ్ళి కప్పు తెచ్చుకున్నారు. అప్పుడు టెక్నాలజీ లేదు కాబట్టి మీకు కలిసొచ్చింది, 2019లో ఉంది కాబట్టి కలిసిరాలేదు. లెక్క సరిపోయింది.

విశాఖ_ఎరుపు
సరిపోలేదు. 2009లో సండర్‌ల్యాండ్ మీద బీచ్ బాల్ గోల్ కూడా మా ఖాతాలోనే ఉంది. వాళ్ళ డారెన్ బెంట్ షాట్ గ్రౌండ్‌లో పడి ఉన్న బీచ్ బాల్‌కి తగిలి దిశ మారి గోల్‌లోకి పోయింది. 1-0తో ఓడిపోయాం.

నాలుగో_రిఫరీ
ఆ బీచ్ బాల్ గోల్ దురదృష్టం కాదు, రిఫరీ పొరపాటు. బయటి వస్తువు ఆటకు అడ్డొస్తే ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలని నిబంధన స్పష్టంగా ఉంది. ఈ రెండింటినీ కలపొద్దు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టింది బార్‌కి తగిలి గీతకు బాగా అవతల పడింది, అయినా గోల్ ఇవ్వలేదు. దాన్నీ అదృష్టం అన్నారు. కానీ మనిషి చూపు అందుకోలేని చోట యంత్రం పెట్టగానే ఆ "అదృష్టం" పోయింది. 2012లో గోల్‌లైన్ టెక్నాలజీకి ఆమోదం వచ్చింది, 2014 ప్రపంచకప్‌లో వాడారు. మనం అదృష్టం అనుకునేదాంట్లో కొంత భాగం సరిదిద్దగలిగిన పొరపాటే. జిల్లా స్థాయిలో మాకు ఆ యంత్రాలు లేవు, లైన్స్‌మన్ కూడా ఒక్కోసారి ఉండడు. ఎంత జాగ్రత్తగా చూసినా కొన్ని తప్పుతాయి.

గణితం_మాస్టారు
కీపర్ గారూ, మీ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్తాను. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. పెద్ద లీగుల్లో మ్యాచ్‌కి సగటున రెండున్నర నుంచి మూడుకు కాస్త పైదాకా, అంతే. బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టు వంద పాయింట్లు కొడుతుంది, అక్కడ ఒకటి అటూ ఇటూ అయినా మంచి జట్టే గెలుస్తుంది. ఇక్కడ ఒక్క గోల్ అటూ ఇటూ అయితే ఫలితమే తిరగబడుతుంది.

ఇప్పుడు రెండు జట్లు అనుకుందాం. మొదటిది మెరుగైనది, అది సృష్టించే అవకాశాల విలువ మ్యాచ్‌కి సగటున 1.5 గోల్స్. రెండోదానికి 1. ఇది చిన్న తేడా కాదు, ఒకటిన్నర రెట్లు. పాయిసాన్ పద్ధతిలో (సగటును బట్టి ఎన్ని గోల్స్ పడే అవకాశం ఎంతో చెప్పే లెక్క) చూస్తే మెరుగైన జట్టు నూటికి 49 సార్లు గెలుస్తుంది, 26 సార్లు డ్రా, మిగతా 25 సార్లు బలహీన జట్టే గెలుస్తుంది. అంటే స్పష్టంగా మెరుగైన జట్టు కూడా సగం మ్యాచ్‌లు గెలవదు. ప్రతి నాలుగింటిలో ఒకటి ఓడిపోతుంది, ఎవరి తప్పూ లేకుండానే.

ఇదే జట్టు 38 మ్యాచ్‌ల సీజన్ ఆడితే సగటున 65 పాయింట్లు వస్తాయి. అయితే ఆటలో ఏ మార్పూ లేకపోయినా, ప్రతి మ్యాచ్‌లోనూ అదే నాణ్యతతో ఆడినా, ఆ 65 అనేది 8 పాయింట్లు ఇటో అటో ఊగుతుంది. మూడింట రెండు సీజన్లు 57కీ 73కీ మధ్య పడతాయి, మూడో వంతు సీజన్లు ఆ గీతలు కూడా దాటిపోతాయి. 57 వచ్చిన ఏడాది కోచ్‌ని తీసేస్తారు, 73 వచ్చిన ఏడాది అదే కోచ్‌కి దండలు వేస్తారు. జట్టు మాత్రం ఒకటే.

మీ లీగ్‌లో మ్యాచ్‌లు 38 ఉండవు. డజనుకు అటూ ఇటూ ఉంటాయేమో. అంత తక్కువలో అదృష్టం వాటా ఇంకా పెద్దది.

డల్లాస్_శ్రీను
మాస్టారూ, ఇది స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మాయి జట్టు పేరెంట్స్ గ్రూపులో పెడుతున్నా. ఇక్కడా ఇదే గోల. వాళ్ళు ఇంకా చిన్నపిల్లలు, అయినా రెండు మ్యాచ్‌లు పోతే కోచ్‌కి ఈమెయిల్ వెళ్ళిపోతుంది.

కాకినాడ_కుర్రాడు
మాస్టారూ, మీ లెక్కలో 1.5, 1 అని ముందే అనుకున్నారు. కీపర్ అన్న జట్టు నిజంగా 1.5 జట్టని ఎలా తెలుసు? ఓడిపోతున్న ప్రతి జట్టూ తనను తాను 1.5 అనే అనుకుంటుంది.

గణితం_మాస్టారు
మంచి ప్రశ్న, అసలు ప్రశ్న అదే. గోల్స్ చూసి చెప్పలేం, అవి మరీ కొన్నే. షాట్లు చూడాలి, అవి ఎక్కడి నుంచి కొట్టారో చూడాలి. దానికే ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) అనే లెక్క వచ్చింది. ప్రతి షాట్‌కీ, అలాంటి చోటి నుంచి, అలాంటి స్థితిలో కొట్టిన పాత షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయో చూసి విలువ కడతారు. పెనాల్టీకి దాదాపు నాలుగింట మూడు వంతులు. పెనాల్టీ బాక్స్ బయట దూరం నుంచి కొట్టేవాటికి చాలా తక్కువ, ఇరవై ముప్పై కొడితే ఒకటి.

పెనాల్టీ_పద్మ
దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్. 2020-21లో వాళ్ళు అవకాశాలు సృష్టించిన తీరు చూస్తే పట్టికలో పై సగంలో ఉండాలి. బంతి మాత్రం లోపలికి పోలేదు. 41 పాయింట్లతో 16వ స్థానంలో ముగించారు. యాజమాన్యం కోచ్ గ్రాహమ్ పాటర్‌ని కదిలించలేదు. మరుసటి ఏడాది 51 పాయింట్లు, 9వ స్థానం. కీపర్ గారూ, మీ కమిటీకి చెప్పాల్సిన కథ ఇదే.

బొల్లారం_బ్యాక్
పద్మక్కా, జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్ కథ ఇంకా పెద్దది. 2014-15లో శీతాకాల విరామానికి 17 మ్యాచ్‌ల్లో 15 పాయింట్లు, 18 జట్ల లీగ్‌లో 17వ స్థానం. రెండుసార్లు లీగ్ గెలిపించిన కోచ్ క్లాప్ పని అయిపోయిందని అందరూ రాసేశారు. అవకాశాల లెక్క వేసిన వాళ్ళు మాత్రం ఈ జట్టు అంత చెత్తగా ఆడట్లేదు, బంతే పడట్లేదన్నారు. రెండో సగంలో 31 పాయింట్లు తెచ్చుకుని 7వ స్థానానికి వచ్చారు. క్లాప్ ఆ సీజన్ తర్వాత వెళ్ళిపోయాడు. 2015 అక్టోబర్‌లో ఆయన్ని తీసుకున్న లివర్‌పూల్ దగ్గర ఈ లెక్కలు చేసే మనుషులు ఉన్నారు. ఆ సీజన్‌లో డార్ట్‌మండ్‌కి దురదృష్టం ఎంత తగిలిందో వాళ్ళకు తెలుసు. పట్టిక మాత్రమే చూసిన క్లబ్బు అయితే ఆయన్ని వదులుకునేదే.

విశాఖ_ఎరుపు
బొల్లారం అన్నా, 2005 గురించి అన్నదంతా మాఫీ.

ఓల్డ్_సిటీ_వింగర్
ఎంతసేపూ ఇంగ్లండ్, జర్మనీ. మన హైదరాబాద్ వారు, భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ గురించి ఎవరూ ఎత్తరేం? మా నాన్నగారు ఆయన జట్ల ఆట మైదానంలో కూర్చుని చూసినవారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మొదటి రౌండ్‌లో హంగరీ ఎదురు రావాలి. హంగరీ అంటే 1952లో ఒలింపిక్ స్వర్ణం, 1954లో ప్రపంచకప్ ఫైనల్. వాళ్ళు ఫుట్‌బాల్ జట్టును పంపలేదు, మనకు వాకోవర్ వచ్చింది. దీన్ని అదృష్టం అనకుండా ఏమంటాం? కానీ తర్వాత ఆతిథ్య ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టింది మన కుర్రాళ్ళు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. దానికి వాకోవర్ ఎవరూ ఇవ్వలేదు. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ కూడా మనదే, తర్వాత 4-1తో ఓడాం. అదృష్టం ఒక తలుపు తీసింది, లోపలికి నడిచింది మాత్రం వాళ్ళే.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకా చెప్పుకోవాలి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జట్టులో అందరికంటే గట్టి డిఫెండర్. ఇంకో కోచ్ అయితే తల పట్టుకునేవాడు. రహీం సాబ్ అతణ్ణి డిఫెన్స్ నుంచి తీసి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద కూడా కొట్టాడు. 2-1, స్వర్ణం. స్టేడియం నిండా జనం మన మీద అరుస్తున్నారు, రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది, మరుసటి ఏడాదే పోయారు. దెబ్బ తగలడం దురదృష్టమే. అక్కడి నుంచి గోల్ తీసుకురావడం కోచింగ్.

పెనాల్టీ_పద్మ
వింగర్ గారూ, ఇది చదివి ఒళ్ళు జలదరించింది. ఆ జట్టులో మన సికింద్రాబాద్ బలరాం కూడా ఉన్నారు.

ఓల్డ్_సిటీ_వింగర్
ఉన్నారు. యూసుఫ్ ఖాన్ ఉన్నారు, గోల్‌లో తంగరాజ్. ఈ పేర్లు మన బడి పుస్తకాల్లో ఉండాల్సింది.

గుంటూరు_గోల్
మీరంతా లెక్కలు చెప్తున్నారు కానీ నమ్మకం సంగతేంటి? మా జట్టు ప్రతి మ్యాచ్‌కి ముందు గ్రౌండ్ గేటు దగ్గర కొబ్బరికాయ కొడుతుంది, దిష్టి తీసి నిమ్మకాయ తొక్కి లోపలికి వెళ్తాం. కుర్రాళ్ళకు టెన్షన్ తగ్గుతుంది. దానివల్ల ఆట బాగుంటే అది కూడా పనిచేసినట్టే కదా.

కాకినాడ_కుర్రాడు
అవతలి జట్టు కూడా కొబ్బరికాయ కొడితే?

గుంటూరు_గోల్
అప్పుడు డ్రా.

గణితం_మాస్టారు
టెన్షన్ తగ్గించే ఏ అలవాటైనా మంచిదే, దాన్ని నేను కాదనను. ఓడినప్పుడు "నిమ్మకాయ సరిగ్గా తొక్కలేదు" అని ఒక పిల్లాడి మీద పడకూడదు, అంతే.

బొల్లారం_బ్యాక్
అసలు అదృష్టం రాజ్యమేలిన రోజులు వేరే. 1968 యూరో సెమీస్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ అదనపు సమయం తర్వాత కూడా 0-0. నాణెం వేశారు. ఇటలీ కెప్టెన్ ఫకెట్టి చెప్పిందే పడింది, వాళ్ళు ఫైనల్‌కి వెళ్ళారు, కప్పు కూడా గెలిచారు. అంతకు ముందు 1954 ప్రపంచకప్‌కి టర్కీయా స్పెయినా అన్నది తేల్చడానికి రోమ్‌లో ఒక కుర్రాడి కళ్ళకు గంతలు కట్టి చీటీ తీయించారు. టర్కీ వెళ్ళింది. స్పెయిన్ వాళ్ళు ఇంటికి వెళ్ళి ఏమని చెప్పుకుని ఉంటారు?

నాలుగో_రిఫరీ
అందుకే 1970లో పెనాల్టీ షూటౌట్‌ని నిబంధనల్లోకి తెచ్చారు. కనీసం ఆటగాడి కాలికి పని ఉంటుంది.

విశాఖ_ఎరుపు
షూటౌట్ కూడా లాటరీయే కదా.

పెనాల్టీ_పద్మ
కాదు. నా హ్యాండిల్ చూసైనా ఆ మాట అనకూడదు.

2022 మార్చి 20, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, గోవా ఫతోర్డా. మన హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో ముందుకు వెళ్ళింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. షూటౌట్‌లో మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1, కప్పు మనది. ఒక కీపర్ మూడు ఆపాడంటే అందులో చదువు ఉంది, నిలకడ ఉంది, చివరి క్షణం దాకా కదలకుండా ఉండే ధైర్యం ఉంది. నేను యూనివర్సిటీ జట్టుకి ఆడేటప్పుడు పెనాల్టీలు నేనే కొట్టేదాన్ని. కీపర్ ముందే కదిలితే నాకు సులువు, కదలకపోతే కాళ్ళు వణికేవి. అది లాటరీ అనేవాళ్ళు ఆ పెనాల్టీ మచ్చ దగ్గర ఎప్పుడూ నిలబడలేదు.

కాకినాడ_కుర్రాడు
అయితే పద్మగారూ, 2023 మార్చి సంగతి కూడా చెప్పండి. అదే కోచ్ మనోలో మార్కెజ్, దాదాపు అదే జట్టు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0. షూటౌట్‌లో 4-3తో బయటికి. ఏడాదిలో చదువు మర్చిపోయారా?

పెనాల్టీ_పద్మ
మర్చిపోలేదు. చదివినవాడికి కూడా ఒక్కోసారి మార్కులు తగ్గుతాయి. లీగ్ పట్టికలో ఆ రెండేళ్ళూ హైదరాబాద్ రెండో స్థానంలోనే ఉంది, అది చూడు. జట్టు బలం అక్కడ కనిపిస్తుంది. ఇంగ్లండ్ 1990, 1998, 2006 ప్రపంచకప్పుల్లో షూటౌట్లు ఓడింది. సౌత్‌గేట్ కోచ్‌గా వచ్చాక ఎవరు ఎప్పుడు కొట్టాలి, మధ్య గీత నుంచి ఎలా నడవాలి అన్నది కూడా సాధన చేయించాడు. 2018లో కొలంబియా మీద గెలిచారు. మళ్ళీ యూరో 2020 ఫైనల్లో ఇటలీ చేతిలో షూటౌట్‌లోనే ఓడారు. సాధన గెలుపుకి హామీ ఇవ్వదు, అవకాశాన్ని పెంచుతుంది. అది లేకుండా వెళ్ళేవాళ్ళకే అది లాటరీ.

నాలుగో_రిఫరీ
ఎవరు ముందు కొట్టాలన్నది కూడా టాస్ మీదే ఉంటుంది. ముందు కొట్టిన జట్టు నూటికి 60 సార్లు గెలుస్తుందని 2010లో ఇద్దరు ఆర్థికవేత్తలు చెప్పారు. తర్వాత ఇంకా ఎక్కువ షూటౌట్లు తీసుకుని చూసినవాళ్ళకు అంత తేడా కనిపించలేదు. ఆ వరస మార్చి ఏబీబీఏ పద్ధతిని (ఏ జట్టు ఒకటి, బీ వరసగా రెండు, మళ్ళీ ఏ) 2017లో ప్రయత్నించారు, మరుసటి ఏడాదే వదిలేశారు.

ఓల్డ్_సిటీ_వింగర్
హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24లో 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లతో ఆఖరున నిలిచింది. దాన్ని ఎవరూ దురదృష్టం అనకండి. క్లబ్బులో డబ్బు లేదు, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, మిగిలిన కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. చెప్పుకోవాలంటే కడుపు మండుతుంది.

డల్లాస్_శ్రీను
లెస్టర్ గురించి ఎవరూ అనలేదేంటి? 2015-16లో ప్రీమియర్ లీగ్ గెలిచారు, సీజన్ ముందు పందెం 5000కి 1. అదృష్టానికి అంతకంటే పెద్ద ఉదాహరణ ఉందా?

కాకినాడ_కుర్రాడు
అది అదృష్టం అంటే నేను ఒప్పుకోను. 81 పాయింట్లు, రెండో స్థానంలోని ఆర్సెనల్ కంటే 10 ఎక్కువ. 38లో 3 మాత్రమే ఓడారు. కాంతే, మారెజ్, వార్డీలను మిగతా క్లబ్బులు పట్టించుకోనప్పుడు వెతికి తెచ్చుకున్నది వాళ్ళే.

గణితం_మాస్టారు
తమ్ముడు చెప్పింది చాలావరకు నిజం. కానీ 10 పాయింట్ల తేడా మొత్తం ప్రతిభే అనుకుంటే, మరుసటి ఏడాది 12వ స్థానానికి ఎందుకు పడిపోయారు? కాంతే వెళ్ళిపోవడం ఒక కారణం, యూరప్ మ్యాచ్‌ల భారం ఒకటి. ఇంకొకటి, 2015-16లో ప్రధాన ఆటగాళ్ళకు గాయాలు పెద్దగా కాలేదు, పెద్ద క్లబ్బులు చాలావరకు ఒకేసారి తడబడ్డాయి. మంచి జట్టు, పైగా గాలి వాటంగా వీచింది. పడవ లేనివాడికి గాలి వీచినా ఉపయోగం లేదు, నిజమే. కప్పు తెచ్చిన కోచ్ రనియెరిని తొమ్మిది నెలలకే తీసేశారు. గాలి ఆగిపోయిందని పడవ నడిపినవాణ్ణి దింపేసినట్టు. కీపర్ గారి కమిటీ చేయబోయేది అదే.

బొల్లారం_బ్యాక్
గోల్స్ మీద జర్మనీలో కొలోన్ క్రీడా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన పని ఉంది. ప్రీమియర్ లీగ్ ఏడు సీజన్లలో 7 వేలకు పైగా గోల్స్ చూశారు. ఎవరికో తగిలి దిశ మారినవి, పోస్ట్‌కి తగిలి వెనక్కి వస్తే కొట్టినవి, డిఫెండర్ తెలియక అందించినవి, ఇలా అనుకోనిది ఏదో ఒకటి కలిసిన గోల్స్ దాదాపు 46 శాతం. కీపర్ అన్నా, మీ డిఫెండర్ మోకాలు ప్రపంచంలో అన్నిటికంటే మామూలు విషయం. ఆ పిల్లాడికి ఈ మాట చెప్పు.

మారేడుపల్లి_కీపర్
చెప్పాను. ఆదివారం నుంచి వాడు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. ప్రీమియర్ లీగ్‌లో సగం గోల్స్ ఇలాగే పడతాయంటే కాస్త తేరుకున్నాడు.

మాస్టారు చెప్పినట్టు పాత మ్యాచ్‌ల ఫోన్ వీడియోలు పెట్టుకుని కోచ్, నేను కూర్చుని షాట్లు రాశాం. రెండు జట్లవీ, ఎక్కడి నుంచి కొట్టారో కూడా. మా షాట్లు వాళ్ళ కంటే బాగా ఎక్కువే. కానీ మావాటిలో సగానికి పైగా బాక్స్ బయటి నుంచి ఉన్నాయి. అవతలి వాళ్ళు తక్కువ కొట్టారు, కొట్టినవి ఎక్కువగా పెనాల్టీ మచ్చకు దగ్గర్లోంచే.

కాకినాడ_కుర్రాడు
అదిగో!

గణితం_మాస్టారు
ఇది చాలా విలువైన కాగితం. షాట్ల సంఖ్య చూస్తే అన్యాయంగా ఓడినట్టు కనిపిస్తుంది, చోటు చూస్తే తేడా చిన్నదవుతుంది. దాని విలువ కట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు. బాక్స్ లోపలి షాట్లు విడిగా, బయటివి విడిగా లెక్కపెట్టండి. లోపలి షాట్లు రెండు జట్లవీ దాదాపు సమానమైతే, ఆ ఒక్క గోల్ ఓటముల్లో కొన్నైనా డ్రా అయ్యుండేవి. అంటే దురదృష్టం ఉంది, మీరు అనుకున్నంత లేదు.

పెనాల్టీ_పద్మ
మీ జట్టు దూరం నుంచి ఎందుకు కొడుతోంది? అవతలి జట్టు వెనక్కి వెళ్ళి గుంపుగా నిలబడుతోందా? బడి పిల్లల జట్లలో నేను రోజూ చూసేది ఇదే. బంతి మన దగ్గరే ఉంటుంది, లోపలికి దారి ఉండదు, విసిగిపోయి దూరం నుంచి తన్నేస్తారు. అది బ్లాక్ అయితే బంతి నేరుగా వాళ్ళ వింగర్ దగ్గరికి, మన వెనక ఖాళీ. "ఒక్కసారి వచ్చి కొట్టేస్తారు" అని మీరు మొదట రాసింది ఇదే అయ్యుండాలి.

మారేడుపల్లి_కీపర్
అచ్చం ఇదే అక్కా. ఆదివారం గోల్ కూడా మా షాట్ బ్లాక్ అయ్యాకే మొదలైంది. కోచ్ ఇప్పటికే సైడ్‌ల నుంచి కట్‌బ్యాక్ (గోల్ గీత దగ్గర్నుంచి బంతిని వెనక్కి పాస్) ఇచ్చే డ్రిల్ మొదలుపెట్టారు.

బొల్లారం_బ్యాక్
షాట్ కొట్టేటప్పుడు వెనక ఎంతమంది ఉంటున్నారో కూడా చూడండి. కనీసం ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు, ఒక మిడ్‌ఫీల్డర్ కదలకూడదు. నేను ఆడిన రోజుల్లో కార్నర్ అనగానే అందరం పైకి పరిగెత్తేవాళ్ళం. కోచ్ బూతులు తిట్టి వెనక్కి పంపేవాడు. ఆయన పుణ్యమా అని ఎన్ని గోల్స్ తప్పాయో.

నాలుగో_రిఫరీ
కార్నర్ అంటే గుర్తొచ్చింది. 2012 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మ్యూనిక్. బయర్న్‌కి 20 కార్నర్లు, ఒక్కటీ గోల్ కాలేదు. చెల్సీకి ఒకే ఒక్కటి, 88వ నిమిషంలో. ద్రోగ్బా తలతో కొట్టాడు. అదనపు సమయంలో బయర్న్ ఆటగాడు రాబెన్ పెనాల్టీని చెల్సీ కీపర్ చెక్ ఆపాడు, షూటౌట్‌లో చెల్సీ గెలిచింది. అంత ఆధిపత్యం సొంత స్టేడియంలోనే వృథా అయింది. బయర్న్ కోచ్ హైంకెస్‌ని తీసేయలేదు. మరుసటి ఏడాది అదే కోచ్‌తో లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచారు. ఈ ఒక్కటి కమిటీలో చెప్పండి చాలు.

ఓల్డ్_సిటీ_వింగర్
రిఫరీ సాబ్ చెప్పింది బంగారం. కమిటీ పెద్దమనిషికి బయర్న్ తెలియకపోవచ్చు, రహీం సాబ్ తెలిసే ఉంటారు. కొరియా చేతిలో 2-0 ఓడిన రోజే ఆయన్ని వెనక్కి పిలిచేసి ఉంటే ఏమయ్యేదని అడగండి.

మారేడుపల్లి_కీపర్
శనివారం మీటింగ్. ఒక్క పేజీలో మూడు రాస్తున్నా. బాక్స్ లోపలి షాట్లు మావి ఎన్ని, వాళ్ళవి ఎన్ని. బయర్న్, బ్రైటన్ కథ నాలుగు ముక్కల్లో. ఏం మార్చబోతున్నామన్నది కోచ్ మాటల్లో. సీజన్ చివరిదాకా సమయం అడుగుతాను.

కాకినాడ_కుర్రాడు
అన్నా, నాలుగోది కూడా రాయి. గెలిచిన మ్యాచ్‌ల్లో షాట్ల లెక్క. వాటిలో అవతలి వాళ్ళు మీకంటే మంచి అవకాశాలు పోగొట్టుకుని ఉంటే అది కూడా చూపించు. ఓటములే చూపిస్తే సాకు అనుకుంటారు.

గణితం_మాస్టారు
ఇది తప్పకుండా పెట్టండి. ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే మంచి సలహా.

విశాఖ_ఎరుపు
కాకినాడ తమ్ముడూ, నీ ఏడు డ్రాల మాటకు ఇంకా జవాబు ఇవ్వలేదు. అందులో ఎవర్టన్‌తో 0-0 ఉంది, రాత్రికి షాట్ల లెక్క తీసి పెడతాను.

కాకినాడ_కుర్రాడు
పెట్టు. బాక్స్ లోపలివి విడిగా.